పక్కూరోడి పాట

హైదరాబాద్‌లో విజయవాడ హైవే ఎక్కినవాళ్లకి సూర్యాపేట అంటే టీ, టిఫిన్. కోదాడ అంటే తెలంగాణ అయిపోవచ్చిందని గుర్తు చేసే ఊరు. మిర్యాలగూడ అయితే ఆ దారిలోనే తగలదు, బియ్యం బస్తా మీద పేరు చూడటమే. ఈ మూడు ఊళ్లకీ పని గట్టుకుని టూర్ ఎవరు వెళ్తారు అంటారా? మేం వెళ్లాం. పోయిన దసరా సెలవుల్లో మూడు రోజులు. నేను, నా దోస్తు, వాళ్ల మేనమామ పాత ఆల్టో.

మావోడిది మిర్యాలగూడ. బీటెక్‌లో నాలుగేళ్లు ఒకే బెంచీ, తర్వాత కొండాపూర్‌లో రెండేళ్లు ఒకే రూము. ఆ తర్వాత వాడు బెంగళూరు వెళ్లాడు, నేను హైదరాబాద్‌లోనే ఉన్నా. ప్రతి పండక్కీ "మా దిక్కు రారా" అని పిలుస్తాడు. ప్రతిసారీ ఏదో ఒక రిలీజ్, ఏదో ఒక ఆన్‌కాల్ అడ్డం పడేది. ఈసారి కుదిరింది.

"గోవా వద్దు, అరకు వద్దు. నువ్వు సూర్యాపేట దాకా బస్సుల రా. ఆడికెంచి నిన్ను దింపే దాక నా డ్యూటీ" అన్నాడు.

సరేనని బయల్దేరా. హైదరాబాద్ నుంచి సూర్యాపేట దాదాపు 135 కిలోమీటర్లు. ఊరు ఇంకాసేపట్లో వస్తుందనగా బస్సు ఒక పొడవాటి వంతెన ఎక్కింది. కింద పారేది మూసీ. అవును, మన చాదర్‌ఘాట్ కింద ముక్కు మూసుకుని దాటే మూసీనే. ఇక్కడ ఒడ్డంతా పచ్చటి వరి పొలాలే. ఈ నదిని గుర్తుపెట్టుకోండి, మూడో రోజు మళ్లీ కలుస్తుంది.

సూర్యాపేట: రాయి పలికే చోటు

కారు గురించి ముందే చెప్పాలి. దానికి బ్లూటూత్ లేదు. స్టీరియోలో ఒక పెన్‌డ్రైవ్ ఇరుక్కుపోయి ఉంది. గట్టిగా లాగితే స్టీరియోనే బయటికి వచ్చేలా ఉంది. అందులో ఉన్నవి నలభై పాటలు. మూడు రోజులూ అవే తిరిగి తిరిగి రావాలి. "మామయ్య కలెక్షన్" అన్నాడు మావోడు, జాతర ప్రసాదం చేతిలో పెట్టినంత భక్తిగా.

మొదట పిల్లలమర్రి వెళ్లాం. సూర్యాపేట నుంచి పావుగంట దారి. కాకతీయుల సామంతులైన రేచర్ల రెడ్లు ఏలిన ఊరు ఇది. నామిరెడ్డి కట్టించిన నామేశ్వరాలయం 1202 నాటిది, ఎరకసానమ్మ కట్టించిన ఎరకేశ్వరాలయం 1208 నాటిది. అంటే ఎనిమిది వందల ఏళ్ల పైమాట. పోతన కాలానికి దగ్గర్లో ఉన్న కవి పిల్లలమర్రి పినవీరభద్రుడి ఇంటిపేరు కూడా ఈ ఊరిదే అంటారు. రామప్ప చూసినవాళ్లకి ఇక్కడి నల్లరాతి స్తంభాలు తెలిసినవాళ్లలాగే అనిపిస్తాయి. నున్నగా, అద్దంలా ఉంటాయి. మొహం పెడితే నీడ కనిపిస్తుంది. కానీ రామప్ప దగ్గరున్నంత జనం ఇక్కడ ఉండరు. మేం వెళ్లినప్పుడు గుళ్లో ఉన్నది మేమిద్దరం, ఒక పూజారి, రెండు మేకలు.

నామేశ్వరాలయంలో స్తంభాల మీద తడితే శబ్దం పలుకుతుంది. పూజారి వేళ్ల కణుపులతో మెల్లగా తట్టి చూపించారు. ఒకచోట కంచు గిన్నె మోగినట్టు, పక్కన తడితే ఇంకాస్త సన్నగా. రాయిని ఇలా చెక్కినవాళ్లలో ఒక్కరి పేరు కూడా ఇక్కడ మనకి కనబడదు. కట్టించినవాళ్ల పేర్లు శాసనాల్లో ఉన్నాయి, చెక్కినవాళ్ల పేర్లు లేవు.

"ఇప్పుడు కూడా గంతే కదరా" అన్నాడు మావోడు చెప్పులు వేసుకుంటూ. "పాట హీరోది అంటం. చేసినోడు ఎవడో ఎవడు అడుగుతడు?"

ఆ మాట ఎందుకన్నాడో కారెక్కాక అర్థమైంది. స్టీరియోలో 'ఇట్లు శ్రావణి సుబ్రమణ్యం' గువ్వ పాట వస్తోంది. ఆ పాట తెలియని తెలుగువాడు ఉండడు కదా, నేనూ గొంతు కలిపా. చరణం అయిపోగానే మావోడు సౌండ్ తగ్గించాడు.

"ఎవరి పాట?"

"రవితేజ సినిమా."

"సినిమా అడగలే. పాట ఎవరిదని అడిగిన."

అక్కణ్నుంచి మొదలైంది ఆట. పాట రాగానే సంగీతం ఎవరో చెప్పాలి. 'ఇడియట్' పాట వచ్చింది. తర్వాత 'అమ్మ నాన్న ఓ తమిళ అమ్మాయి'. తర్వాత 'సత్యం', 'శివమణి', 'ఢీ', 'దేశముదురు'. చిన్నప్పుడు మా ఊరి కిరాణా కొట్టులో, స్కూలు ఆటోలో, పెళ్లి బరాత్‌లో, గణేష్ మండపంలో విన్నవన్నీ వరసగా వచ్చేస్తున్నాయి. అన్నిటికీ జవాబు ఒక్కటే పేరు.

చక్రి.

"మానుకోట. మనకి పక్క జిల్లా" అన్నాడు మావోడు, సొంత అన్న గురించి చెప్పినట్టు.

పద్నాలుగేళ్ల పాటల బండి

ఆ రాత్రి నుంచి ఫోన్‌లో చక్రి గురించే చదివా, చక్రినే విన్నా. ఇష్టమైన సంగీతకారుడు దొరకడం అంటే కొత్త పాటలు దొరకడమే అనుకుంటాం. ఒక్కోసారి అప్పటికే మనసులో ఉన్న పాటలన్నిటికీ కలిపి ఒక మనిషి దొరుకుతాడు. నాకు చక్రి అలా దొరికాడు.

అసలు పేరు గిల్లా చక్రధర్. 1974 జూన్ 15న మహబూబాబాద్ దగ్గర కంబాలపల్లిలో పుట్టాడు. మహబూబాబాద్‌నే మన జనం మానుకోట అంటారు. 2000లో పూరి జగన్నాథ్ 'బాచి'తో సంగీత దర్శకుడయ్యాడు. సినిమా ఆడలేదు, కానీ పూరి అతణ్ని వదల్లేదు. మరుసటి ఏడాది 'ఇట్లు శ్రావణి సుబ్రమణ్యం' వచ్చింది, ఆ పైన 'ఇడియట్'. రవితేజ స్టార్ అయిన ఆ వరసలో పాటలన్నీ చక్రివే. 2010లో 'సింహా'కి నంది అవార్డు వచ్చింది. 2014 డిసెంబర్ 15న గుండె ఆగి చనిపోయాడు. అప్పటికి నలభై ఏళ్లే. పద్నాలుగేళ్లలో ఎనభై దాకా సినిమాలు చేశాడు.

ఒకటి గమనించారా? చక్రి పాటల్ని ఎవరైనా పాడుకోవచ్చు. గొంతు చించుకుని పైకి వెళ్లాల్సిన పనిలేదు. పల్లవి రెండుసార్లు వింటే నోటికి వచ్చేస్తుంది. గిటారు తీగ ఒకటి మెల్లగా నడుస్తుంటుంది, కింద డప్పులాంటి దెబ్బ ఒకటి పడుతుంటుంది. తన సినిమాల్లో చాలా పాటలు తనే పాడాడు. అది శాస్త్రీయంగా సాన పట్టిన గొంతులా అనిపించదు. మన వీధిలో బాగా పాడే అన్న గొంతులా ఉంటుంది. అందుకే ఇయర్‌ఫోన్స్‌లో కన్నా బస్సులో, ఆటోలో, పదిమంది మధ్యలో బాగుంటాయి ఆ పాటలు. నలిగిన స్పీకర్‌లోంచి వచ్చినా చెడిపోవు. మామయ్య ఆల్టోయే సాక్ష్యం.

సూర్యాపేట దాటి కోదాడ వైపు వెళ్తుంటే హైవే పక్కనే దురాజ్‌పల్లి గుట్ట వస్తుంది. ఇక్కడే పెద్దగట్టు జాతర, గొల్లగట్టు అని కూడా అంటారు. రెండేళ్లకోసారి లింగమంతుల స్వామికి చేస్తారు. తెలంగాణలో మేడారం తర్వాత పెద్ద జాతర ఇదేనని ఇక్కడివాళ్ల గర్వం. ఆ రోజుల్లో హైవే మీద బండ్లని వేరే దారిలో మళ్లిస్తారు. మేం వెళ్లినప్పుడు గుట్ట ఖాళీగా, నిద్రపోతున్నట్టు ఉంది.

"జాతరప్పుడు రావాలె నువ్వు. కాళ్లకు గజ్జెలు, భేరీల దెబ్బ, గుట్ట ఊగుతది. ఆ దెబ్బ విన్నంక 'ఇడియట్' పాటలు వింటే, బీట్ యాడికెంచి వచ్చిందో నీకే సమజైతది" అన్నాడు మావోడు.

ఇది వాడి థియరీ, చక్రి చెప్పిన మాట కాదు. కానీ గుట్ట దాటేదాకా కాదనడానికి నాకు కారణం దొరకలేదు.

కోదాడ: బతుకమ్మ రాత్రి

కోదాడలో మావోడి అక్క ఉంటుంది. ఆ రోజు సద్దుల బతుకమ్మ. మేం చేరేసరికి ఇంటి ముందు తంగేడు, గునుగు, బంతి కుప్పలు పోసి ఉన్నాయి. అక్క గునుగు పూల కొసలు కత్తిరించి రంగులో ముంచుతోంది. "తమ్మీ, చెయ్యి కడుక్కొని రా, ఖాళీగ కూసోవద్దు" అని నా చేతిలో ఒక కట్ట పెట్టింది. అరగంటలో నా వేళ్లు గులాబీ రంగుకి తిరిగాయి.

మాటల్లో చక్రి వచ్చాడు. అక్క కళ్లు మెరిశాయి.

"ఇంటర్ల ఉన్నప్పుడు రికార్డింగ్ షాపుకి పోయి లిస్టు రాసిచ్చేటోళ్లం. ఖాళీ క్యాసెట్ మనమే కొనియ్యాలె. ఏ వైపు ఆరు, బీ వైపు ఆరు. రెండ్రోజులకు చేసిచ్చేటోడు. గువ్వ పాట నేను రెండు వైపులా రాపిచ్చిన. టేపు తిప్పే పని లేకుండ."

ప్లేలిస్ట్‌లో ఒకే పాటని రెండుసార్లు పెట్టడం మన తరం కనిపెట్టిందేం కాదన్నమాట.

"ఆ పాట రాసింది ఎవరో తెలుసా?" అని అడిగింది అక్క. ఈసారి మావోడు కూడా నోరు మూశాడు.

"కందికొండ. ఇద్దరు దోస్తులు."

అసలు కథ ఇక్కడ ఉంది. కందికొండ యాదగిరిది నర్సంపేట దగ్గర నాగుర్లపల్లి. ఇంటర్ చదివే రోజుల్లో చక్రి పరిచయమయ్యాడు. చక్రి అప్పుడు ఆర్కెస్ట్రా నడిపేవాడు. ఒకడికి బాణీ పిచ్చి, ఒకడికి మాట పిచ్చి. చక్రి సినిమాల్లోకి వెళ్లి సంగీత దర్శకుడయ్యాక, తన రెండో ఏడాదిలోనే దోస్తుతో పాట రాయించాడు. కందికొండకి సినిమాల్లో మొదటి పాట ఆ గువ్వ పాటే. తర్వాత కందికొండ వేరే సంగీత దర్శకులకీ రాశాడు. మణిశర్మ సంగీతంలో 'పోకిరి' గోదారి పాట ఆయనదే. బతుకమ్మ పాటలు కూడా రాశాడు. 2022 మార్చి 12న ఆయనా వెళ్లిపోయాడు.

కొత్తవాళ్లకి మైకు ఇవ్వడం చక్రికి అలవాటే. రఘు కుంచెని గాయకుణ్ని చేసింది కూడా 'బాచి'తోనే.

చీకటి పడ్డాక బతుకమ్మలు ఎత్తుకుని అందరూ కోదాడ పెద్ద చెరువు వైపు కదిలారు. స్పీకర్లలో పాట, మధ్యలో బతుకమ్మలు, చుట్టూ చప్పట్లు. ముసలమ్మలు స్పీకర్‌ని పట్టించుకోకుండా తమ పాట తాము పాడుకుంటున్నారు. ఆడపిల్లలు ఫోన్లు ఎత్తి వీడియోలు తీస్తున్నారు, మళ్లీ ఫోన్ నడుముకి దోపి వలయంలో కలుస్తున్నారు. ఒక పాట వచ్చినప్పుడు అక్క వెనక్కి తిరిగి మా వైపు చూసి పెదాలతోనే అంది: "కందికొండ."

గట్టు మీద కూర్చున్నప్పుడు అక్క ఇంకో మాట కూడా అంది, మామూలుగానే. "జనవరి నుంచి ఇంటికాడనే ఉంటుండు కదా తమ్మీ వీడు. మంచిగైంది నువ్వు వచ్చినవ్. ఎవరితోని మాట్లాడుతలేడు."

మా గ్రూపులో వాడు పెట్టిన స్టేటస్ 'వర్క్ ఫ్రమ్ హోమ్'. నేనేం అడగలేదు. వాడు చెరువు వైపే చూస్తున్నాడు.

హుజూర్‌నగర్ దారిలో

కోదాడ నుంచి మిర్యాలగూడ ఓ 60 కిలోమీటర్లు. హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా వెళ్లాలి. రోడ్డుకి రెండు పక్కలా వరి. అక్టోబర్ కదా, పొట్ట మీద ఉంది. దూరంగా సిమెంటు ఫ్యాక్టరీల గొట్టాలు. కాలువ ఒకసారి ఎడమ పక్క, ఒకసారి కుడి పక్క వచ్చి పలకరిస్తుంది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్లు ఇవి. 1955లో నెహ్రూ పునాది రాయి వేస్తే, 1967లో ఇందిరాగాంధీ నీళ్లు వదిలారు. అంతకుముందు ఈ నేలలో పండేవి ఎక్కువగా మెట్ట పంటలేనని మావోడి తాత చెప్పేవాడట.

హుజూర్‌నగర్ దాటాక చెట్టు కింద కారు ఆపి వాడే మొదలుపెట్టాడు.

జనవరిలో వాళ్ల టీమ్ మొత్తాన్ని తీసేశారు. పొద్దున పదకొండింటికి మీటింగ్ ఇన్వైట్ వచ్చింది, పదకొండుంపావుకి లాప్‌టాప్ లాక్ అయింది. రెండు నెలలు బెంగళూరులోనే ఉండి తిరిగాడు. అద్దె కట్టలేక ఇంటికొచ్చాడు. అమ్మానాన్నకి చెప్పాడు, అక్కకి చెప్పాడు. దోస్తులకి చెప్పలేదు.

"నాకెందుకు చెప్పలేదురా?"

"చెప్తే ఏం జేస్తవ్? అయ్యో అంటవ్. రోజూ ఫోన్ జేసి తిన్నవా అని అడుగుతవ్. నాకది వద్దు."

"మా కంపెనీలో ఖాళీలున్నాయి. రెఫరల్ పెడతా."

వాడు నవ్వాడు. "నువ్వేమన్నా పెద్ద చక్రివారా?"

ఇద్దరం నవ్వుకున్నాం. కానీ వాడు వెంటనే సీరియస్ అయ్యాడు.

"చూడు. కందికొండకు చక్రి పాట ఊకనే ఇయ్యలే. రాసేటోడు కాబట్టి ఇచ్చిండు. ఇచ్చినంక ఆ పాట ఇరవై ఏళ్లు నిలబడ్డది. దోస్తని ఇస్తే ఒక్క పాటకే ఆగిపోతుండె. నాకు తొమ్మిది నెలల గ్యాప్ ఉంది. అది చూసి నీ పేరు ఖరాబైతదేమోనని నా భయం."

అంతదూరం ఆలోచించి కూర్చున్నాడు వీడు. నాకు ఏం చెప్పాలో తెలియలేదు. కారు స్టార్ట్ చేశాడు. పెన్‌డ్రైవ్ నిన్న ఎక్కడ ఆగిందో అక్కణ్నుంచే అందుకుంది.

మిర్యాలగూడ: ఉడికిన వడ్ల వాసన

మిర్యాలగూడ దగ్గరికి రాగానే బోర్డు కన్నా ముందు వాసన చెబుతుంది. ఉప్పుడు బియ్యం కోసం వడ్లు ఉడకబెట్టే వాసన. కొత్తవాళ్లకి ఘాటుగా ఉంటుంది, ఊరివాళ్లకి అదే ఇల్లు చేరిన గుర్తు. రైస్ మిల్లులకి దేశంలోనే పేరున్న ఊళ్లలో ఇదొకటి. కాలువ నీళ్లు వచ్చాయి, వరి వచ్చింది, వరి వెనకే మిల్లులు వచ్చాయి. ఇక్కడి బియ్యం చాలా రాష్ట్రాలకి వెళ్తుంది.

మావోడి మేనమామ ఒక మిల్లులో భాగస్తుడు. వానాకాలం వడ్లు ఇంకా రాలేదు, యాసంగి వడ్లు ఆడిస్తున్నారు. ఊక కుప్పలు కొండల్లా ఉన్నాయి. ఆ ఊకనే బాయిలర్‌లో మండిస్తారు. లోపల చప్పుడుకి పక్కనున్న మనిషి మాట వినబడదు.

ఆఫీసు గదిలో వాడు ఒక పాత కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు. సీజన్‌లో వడ్ల లారీలు గేటు ముందు బారులు తీరతాయి. ముందు వచ్చింది ఏది, కాంటా అయింది ఏది, తేమ ఎంత, దించింది ఎక్కడ, అన్నీ కాగితాల మీదే నడిచేవి. చీటీ పోతే గొడవ. డ్రైవర్లు రాత్రంతా నిద్ర మానుకుని కాపలా కాసేవాళ్లు. మావోడు ఈ వేసవిలో దానికి చిన్న సాఫ్ట్‌వేర్ రాశాడు. గేటు దగ్గర టోకెన్ ఇస్తుంది. వంతు దగ్గర పడగానే డ్రైవర్ ఫోన్‌కి తెలుగులో మెసేజ్ వెళ్తుంది. నెట్ పోయినా ఆగదు, వచ్చాక కలుపుకుంటుంది.

కోడ్ తెరిచి చూశా. శుభ్రంగా ఉంది. ఆఫీసులో మేం ఆరుగురం కూర్చుని చర్చించి చేసే పనిని వీడు ఊక దుమ్ములో ఒక్కడే చేశాడు.

"ఇదేరా నీ గువ్వ పాట" అన్నాను.

"ఓవర్ చేయకు" అన్నాడు. కానీ కంప్యూటర్ మాత్రం వెంటనే ఆపలేదు, ఇంకో రెండు స్క్రీన్లు తీసి చూపించాడు.

ఆ సాయంత్రం మామయ్య డాబా మీద మాతో కూర్చున్నాడు. పెన్‌డ్రైవ్ యజమాని కదా, చక్రి గురించి అడిగా. ఆయన చెప్పింది వేరే సంగతి. 'జై బోలో తెలంగాణ' 2011లో వచ్చింది. దర్శకుడు ఎన్. శంకర్‌ది మిర్యాలగూడ ప్రాంతమే. సంగీతం చక్రి. ఉద్యమం మీదున్న రోజులు. ఆ సినిమాలో గద్దర్ పాడిన పాటకి ఆ ఏడాది ఉత్తమ గాయకుడిగా నంది ప్రకటించారు. 'మా భూమి' సినిమాలో గొంగడి భుజాన వేసుకుని బండి యాదగిరి పాట పాడిన గద్దరే ఈయన.

"చక్రి అంటే మీకు డ్యాన్స్ పాటలే గుర్తొస్తయి. మాకు ఆ సినిమా గుర్తొస్తది. మా ఊరి దర్శకుడు, పక్కూరి సంగీతం, గద్దరన్న గొంతు. హాల్ల జనం కూసోలే, నిలబడ్డరు" అన్నాడు మామయ్య.

నాకు అప్పుడు పద్నాలుగేళ్లు కూడా లేవు. కానీ ఆ రాత్రి డాబా మీద ఆ పాట పెట్టుకుని విన్నాం. 'ఇడియట్'కి గంతులేయించినవాడు ఇక్కడ తనని తాను వెనక్కి తగ్గించుకున్నాడు. ముందు గద్దర్ గొంతే కనిపిస్తుంది. ఎప్పుడు ముందుకు రావాలో, ఎప్పుడు పక్కకి జరగాలో తెలియడం కూడా సంగీతమే.

వాడపల్లి: రెండు నదులు, ఒక పిట్ట

దసరా రోజు పొద్దున వాడపల్లి వెళ్లాం. మిర్యాలగూడ నుంచి దాదాపు 25 కిలోమీటర్లు, దామరచర్ల దాటాక. ఇక్కడే మూసీ వచ్చి కృష్ణలో కలుస్తుంది. గుర్తుందా, సూర్యాపేట ముందు వంతెన కింద చూశామే, అదే. అనంతగిరి కొండల్లో పుట్టి, హైదరాబాద్ మురికంతా మోసి, సూర్యాపేట పక్క పొలాలకి నీళ్లిచ్చి, చివరికి ఇక్కడికి చేరుతుంది. రెండు రంగుల నీళ్లు కాసేపు పక్కపక్కనే నడిచి, తర్వాత ఏది ఏదో తెలియకుండా పోతాయి.

ఒడ్డున రెండు పాత గుళ్లు. లక్ష్మీనరసింహ స్వామి గుళ్లో రెండు దీపాలుంటాయి. కింది దీపం కదలదు, స్వామి ముఖం దగ్గరున్న దీపం ఊపిరి తగిలినట్టు రెపరెపలాడుతుందని చెబుతారు. అగస్త్యేశ్వరాలయం కథ ఇంకా బాగుంటుంది. ఒక బోయవాడు తరిమితే ఒక పిట్ట వచ్చి శివుడి వెనక దాక్కుందట. నా ఆకలి సంగతేంటని బోయవాడు అడిగితే, పిట్టని ఇవ్వను, కావాలంటే నా తల మాంసం తీసుకో అన్నాడట శివుడు. ఆ వేళ్ల గుర్తులే లింగం మీద ఉన్న గుంటలని, అందులో నీళ్లు ఎంత తోడినా ఆగవని భక్తుల నమ్మకం.

దసరా నాడు పాలపిట్టని చూడాలి కదా. బయటికొచ్చి ఇద్దరం కరెంటు తీగలన్నీ వెతికాం. ఒక్కటీ కనబడలేదు. చేపలు పట్టే ఒకాయన మా అవస్థ చూసి, "ఎండ ముదిరింది బిడ్డా, పొద్దుగూకె యాళ్లకు రాండ్రి" అన్నాడు.

నది మెట్ల మీద కూర్చున్నప్పుడు మావోడు అడిగాడు: "రెఫరల్ల ఏం రాస్తవ్ నా గురించి?"

"దోస్తు అని రాయను. వడ్ల లారీల లైను తగ్గించినోడు అని రాస్తా. గ్యాప్ గురించి అడిగితే ఆ తొమ్మిది నెలల్లో ఏం చేశావో నువ్వే చూపించు."

వాడు చాలాసేపు మాట్లాడలేదు. "వానాకాలం వడ్లు దిగే దాక మిల్లు ఇడిచిపెట్టి రాలేను. ఈ సీజన్ల మా సాఫ్ట్‌వేర్ ఆగిందంటే మామయ్య మల్ల కాగితాలు బయటికి తీస్తడు" అన్నాడు. 'మా సాఫ్ట్‌వేర్' అన్నాడు. జనవరి తర్వాత వాడి నోట ఆ మాట మళ్లీ వచ్చిందేమో.

ఆ సాయంత్రం మిర్యాలగూడ స్టేషన్‌లో రైలెక్కా. నల్గొండ దాటుతుండగా వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్ వచ్చింది, వాడి రెజ్యూమే. మొదటి పేజీలోనే, పాత కంపెనీ పేరుకన్నా పైన, రైస్ మిల్లు టోకెన్ సిస్టమ్ ఉంది. దాని వెనకే ఒక ఫోటో వచ్చింది. మిల్లు గేటు పక్క కరెంటు తీగ మీద నీలం రెక్కల పిట్ట, కాస్త మసగ్గా. కింద "నీకు లేదు, నాకు దొరికింది" అని రాశాడు.

ఇప్పటికి రెండు రౌండ్లు అయ్యాయి. మూడోది వచ్చే వారం, కొత్త వడ్లు దిగడం అయిపోయాక. రేపేం జరుగుతుందో నేను చెప్పలేను, ఇంటర్వ్యూ నాది కాదు కదా. సంక్రాంతికి మాత్రం ప్లాన్ ఖరారైంది. అదే ఆల్టో, అదే పెన్‌డ్రైవ్. ఈసారి మానుకోట మీదుగా కంబాలపల్లి, అక్కణ్నుంచి నర్సంపేట, నాగుర్లపల్లి. అక్క కూడా వస్తానంది. పాత క్యాసెట్ వెతికి పెట్టిందట, అది వినిపించే టేప్ రికార్డర్ మాత్రం మమ్మల్నే తెమ్మంది.